పదివేల ఎనిమిదిలో ముప్పై ఆరు

మా నాయన ముప్పై ఆరు వడలు దొంగచాటుగా తిన్నాడని కోవిల్‌పట్టిలో మా వీధి వీధంతా నమ్మింది. ఎనభై ఒక్కేళ్ల మనిషి. షుగరు ఉంది. నోట్లో మిగిలిన పళ్లు పదకొండు. పదకొండు పళ్లతో ముప్పై ఆరు మిరియాల వడలు, అదీ కొరికితే నాలుగిళ్లకు కరకర వినబడే వడలు, ఎట్ల తిన్నాడమ్మా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నేను లెక్కల టీచరును. విరుదునగర్‌లో ఒక కాలేజీలో ఇరవై ఏళ్లకు పైగా ఆడపిల్లలకు సంఖ్యల గుణాలు చెబుతున్నదాన్ని. నేనూ అడగలేదు.

మాది ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం అనే బతుకు. ఆంధ్రా నుంచి ఎవరన్నా వచ్చి మా మాట వింటే, మా ముత్తవ్వ గోడ వెనక నిలబడి మాట్లాడుతున్నదేమో అని అటూ ఇటూ చూస్తారు. మా వీధిలో సగానికి పైగా ఇళ్లు మావాళ్లవే. వీధి చివర చిన్న ఆంజనేయస్వామి గుడి. ఏటా మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, ఒక శనివారం స్వామికి వడమాల వేస్తాము. ఎప్పుడూ వెయ్యెనిమిది వడలు, అన్నీ ఒకే మాల, వంటాయన గుచ్చి ఇస్తాడు, ఏ గొడవా ఉండదు.

పోయిన మార్గళికి గుడికి కొత్తగా రంగులు వేసినారు. దాంతో మా అత్తకు ఊపు వచ్చింది. అత్త అంటే మా నాయన చెల్లెలు, పక్కిల్లే, డెబ్బై దాటింది. ఆమె వాకిట్లో నిలబడి ఒక మాట అంటే అది వీధి తీర్మానం. "ఈసారి పదివేల ఎనిమిది" అన్నది. అంతటితో ఆగిందా? "ఇంటికొక మాల. మాలకు నూట ఎనిమిది. ఎవరింటి మాల వాళ్లే గుచ్చుకుని, నేలకు తగలకుండా మోసుకుపోవాల" అన్నది. మాలలో ఒక్క వడ తగ్గినా ఆ ఇంటికి ఆ ఏడు ఏదో తగ్గుతుందని కూడా ఆమే చేర్చింది. ఆ మాట శాస్త్రంలో ఉందో లేదో తెలియదు కానీ, సాయంత్రానికి వీధి మొత్తం మా తాతల కాలం నుంచీ ఉన్నదే అన్నట్టు చెప్పుకున్నారు.

పేర్లు ఇచ్చిన ఇళ్లు తొంభై మూడు. అత్త నాకు ఫోన్ చేసింది. నేను స్టాఫ్ రూములో పెరుగన్నం తింటా ఉండినాను, ఎడమ చేత్తో పరీక్ష పేపర్లు తిప్పుతా ఉండినాను.

"ఏమ్మే, తొంభై మూడు ఇండ్లు, ఇంటికి నూట ఎనిమిది. పదివేల ఎనిమిది సరిగ్గా వస్తుందా? నువ్వు లెక్కల దానివి కదా."

"వస్తుంది అత్తా, సరిగ్గా వస్తుంది" అన్నాను. ఒక ముద్ద మింగి ఇంకో ముద్ద తీసుకునేలోపల చెప్పేసినాను.

శుక్రవారం పొద్దు పొడవకముందే కల్యాణ మండపంలో పొయ్యిలు అంటించినారు. వంటాయన, ఆయనతో నలుగురు. వడలను లెక్కపెట్టే పని నాయనకు. అది ఎవరూ ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నాడు. నాయన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు ప్యాకింగ్ సెక్షన్ చూసుకున్న మనిషి. ఒక్క బండిల్‌లో ఒక్క పెట్టె తగ్గిందని ఒక్కరోజు మాట పడలేదని ఇప్పటికీ చెబుతాడు. మేము వినకపోయినా చెబుతాడు. పెండ్లికి పోతే ముందు పంక్తిలో ఎన్ని విస్తళ్లో లెక్కపెట్టి కూర్చుంటాడు. అట్లాంటి మనిషికి పదివేల ఎనిమిది వడలంటే, చెప్పాలా?

ఆయన పద్ధతి ఏమంటే, పాత పేపరు మీద పదేసి వడలు పది వరుసలుగా పరుస్తాడు. ఒకసారి చూస్తాడు. గంపలోకి ఎత్తుతాడు. అట్ట మీద ఒక గీత గీస్తాడు. గంపను గుచ్చే ఆడవాళ్లకు ఇస్తాడు. ఖాళీ గంప తిరిగి వస్తుంది, మళ్లీ పది వరుసలు. ఇట్ల నూరు గీతలు అయినంక ఎనిమిది వడలు విడిగా ఒక ఎవర్‌సిల్వర్ స్టీలు తట్టలో పెట్టి, మండపం మధ్యలో లేచి నిలబడి, "అయింది!" అని అరిచినాడంట. వంటాయన పొయ్యి ఆర్పేసినాడు.

నేను విరుదునగర్ నుంచి బస్సు దిగి నేరుగా మండపానికి పోయేసరికి సాయంత్రం అయిదు. లోపల సద్దు లేదు. తొంభై రెండు మాలలు చాప మీద వరుసగా ఉన్నాయి. తొంభై మూడోది, చివరిది, మా ఇంటిది. దాని ముందు మా అమ్మ సూది పట్టుకుని కూర్చుని ఉంది. గంపలు ఖాళీ. తట్ట ఖాళీ. మాలలో ఉన్నవి డెబ్బై రెండు.

"ముప్పై ఆరు" అన్నది అత్త. మెల్లగా నాయన వైపు తిరిగింది. ఆమెతోపాటు మండపం తిరిగింది.

నాయన పంచె మీద నూనె మరకలు. పొద్దుననుంచీ వడలు ఎత్తిన మనిషి పంచె మీద నూనె కాక పన్నీరు ఉంటుందా? కానీ ఆ పూట అది సాక్ష్యం. పైగా ఆయన పాత కేసు ఒకటి ఉంది. కారియాపట్టిలో ఒక పెండ్లిలో డాక్టరు వద్దన్న బోండాలు తువ్వాలలో చుట్టుకుని బస్సెక్కి, ఆ తువ్వాలతోనే మొహం తుడుచుకున్నాడు. అమ్మ ఆ కథను ఎదురింటామెకు చెప్పింది. ఆమె పక్కామెకు చెప్పింది. నవ్వులు మొదలైనాయి.

"నేను తినలేదు" అన్నాడు నాయన. అట్ట ఎత్తి చూపినాడు. "నూరు గీతలు. లెక్క చూసుకో."

"అట్ట అబద్ధం చెప్తుందని నేను అనలే అన్నా" అన్నది అత్త. "గీత గీసినాక గంపలోంచి తీస్తే అట్టకు ఏం తెలుస్తుంది?"

పకపకమని మండపం దద్దరిల్లింది. నేనూ నవ్వినాను. నవ్వి ఊరుకుని ఉంటే బాగుండేది. పోయి నాయన పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేటట్టు, "నాయనా, నా దగ్గర చెప్పు. అమ్మకు చెప్పనులే. ముప్పై ఆరూ నువ్వేనా, వంటాయనకు కూడా వాటా ఉందా?" అన్నాను.

నాయన నా వైపు చూసినాడు. "నేను తినలేదు పాపా" అన్నాడు. గొంతు పెంచలేదు.

"సరే సరే" అన్నాను, పిల్లవాడికి చెప్పినట్టు.

వంటాయన విసుక్కుంటూ మళ్లీ పొయ్యి అంటించి ముప్పై ఆరు వడలు వేసి ఇచ్చినాడు. మాల నిండింది, ఎవరి మాల వాళ్లు ఇళ్లకు తీసుకుపోయినారు. అందరూ దాంతో సంగతి అయిపోయిందని అనుకున్నారు. ఇంటికి వచ్చినంక అమ్మ షుగర్ చూసే మిషన్ తీసి నాయన వేలు పొడిచింది. ఎక్కువ చూపించింది. ఆ మిషన్ కొన్ననాటి నుంచీ ఎక్కువే చూపిస్తా ఉంది, అయినా అమ్మ "చూసినావా!" అని నాకు తిప్పి చూపింది. నాయన వేలు తుడుచుకున్నాడు. దోసెలు వద్దన్నాడు. గోడ వైపు తిరిగి పడుకుని, "రేపు నేను గుడికి రాను" అన్నాడు. "లెక్క తప్పినవాడు మాల మోయకూడదు. నువ్వూ పాపా మోయండి."

అమ్మ దీన్ని కూడా కోపం కింద జమ కట్టింది. ఆకలైతే లేస్తాడులే అన్నది. ఆయన లేవలేదు.

శనివారం నాకు కాలేజీ ఉండింది. పొద్దున బస్సెక్కేటప్పుడు చూసినాను, నాయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చోలేదు. ఫ్యాక్టరీ పని మానినప్పటి నుంచీ అక్కడ కూర్చుని పాలబండి నుంచి మొదలుపెట్టి ఎవరెవరు పోతున్నారో చూసే మనిషి. నేను పోయినంక ఒకసారి బయటికి వస్తే ఎదురింటాయన "ఏం పెదనాన్నా, వడలు అరిగినాయా?" అని పలకరించినాడని అమ్మ తర్వాత చెప్పింది. నాయన వెంటనే లోపలికి పోయి తలుపు వేసుకున్నాడంట.

శనివారాల్లో నేను మొదటి సంవత్సరం పిల్లలకు ఒక ఆట ఆడిస్తాను. ఒక పెద్ద సంఖ్యను బోర్డు మీద రాస్తాను. పెండ్లిచూపులకు వచ్చిన పిల్లను అడిగినట్టు దాన్ని అన్నీ అడగాల. నీ వాళ్లెవరు, నిన్ను ఎవరెవరు భాగిస్తారు, నువ్వు ఏ జాతి సంఖ్యవు, నీ గుణమేమి? ఆ రోజు వేరే ఏ సంఖ్యా తలకు తట్టలేదు. 10008 అని రాసినాను.

పిల్లలు మొదలుపెట్టినారు. సరి సంఖ్య. ప్రధాన సంఖ్య కాదు, దాన్ని భాగించేవాళ్లు బోలెడుమంది. పూర్ణ వర్గం కాదు, కానీ నూరును నూరుతో గుణించి ఎనిమిది కలిపితే వస్తుంది, వర్గానికి పక్కింట్లోనే కాపురం. అంకెలన్నీ కూడితే తొమ్మిది, ఆ తొమ్మిదే మళ్లీ దాన్ని భాగిస్తుంది, అందుకని అదొక మంచి గుణం. ఒకమ్మాయి భాజకాలన్నీ లెక్కపెట్టి ఇరవై నాలుగు అన్నది. ఇంకొకమ్మాయి సంఖ్యను వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడి పదిహేడువేల రెండువందల తొంభై రెండు అన్నది. అంటే తన సొంత బరువు కన్నా తన చుట్టాల బరువు ఎక్కువ ఉన్న సంఖ్య. మా వీధి సంఖ్యకు అదెట్ల తప్పుతుంది అనుకుని నేను నవ్వుకున్నాను.

తాయిల్పట్టి నుంచి వచ్చే పిల్ల ఒకతె, మాట తక్కువ, చేతిరాత పెద్దది. బోర్డు దగ్గరికి వచ్చి దాన్ని ముక్కలు చేసింది. రెండు మూడుసార్లు, మూడు రెండుసార్లు, చివర నూట ముప్పై తొమ్మిది. ఆ నూట ముప్పై తొమ్మిది ప్రధాన సంఖ్య, దాన్ని ఇక ఎవరూ విరవలేరు.

"బాగుంది. నూట ఎనిమిది భాగిస్తుందా?" అన్నాను. భాగిస్తుందనే జవాబు కోసం అడిగిన ప్రశ్న అది.

"లేదు మిస్" అన్నది ఆ పిల్ల. "నూట ఎనిమిదిలో మూడు మూడుసార్లు ఉంది. దీంట్లో రెండుసార్లే ఉంది. తొంభై రెండుసార్లు పోయి, డెబ్బై రెండు మిగులుతుంది."

డెబ్బై రెండు!

సుద్దముక్క చేతిలో పట్టుకుని నిలబడిపోయినాను. తొంభై రెండు మాలలు, చివరి మాలలో డెబ్బై రెండు. ఆ రెండు సంఖ్యలూ నిన్న సాయంత్రం నేను కళ్లారా చూసినవే. ఒక్క వడ ఎక్కువ కాదు, ఒక్క వడ తక్కువ కాదు. నాయన పదివేల ఎనిమిది వడలు లెక్కపెట్టి ఇచ్చినాడు, పదివేల ఎనిమిదీ మాలల్లోనే ఉన్నాయి. తగ్గిన ముప్పై ఆరు ఎవరి కడుపులోనూ లేవు. తొంభై మూడు మాలలు నిండాలంటే పదివేల నలభై నాలుగు వడలు కావాల. ఆ రెంటికీ మధ్య దూరమే ముప్పై ఆరు. పైగా పదివేల ఎనిమిదికీ నూట ఎనిమిదికీ ఇద్దరికీ కలిసిన భాజకాల్లో అన్నిటికన్నా పెద్దది కూడా ముప్పై ఆరే. ఆ సంఖ్యల పుట్టుకలోనే ఉన్న ముప్పై ఆరును తీసుకుపోయి మేము ఒక ముసలాయన కడుపులో పెట్టినాము.

ఇంక నా తెలివి చెబుతాను, వినండి. ఆ రోజు పెరుగన్నం తింటూ నేను వేసిన లెక్క ఇది. తొంభై మూడు నూర్లు తొమ్మిదివేల మూడువందలు. తొంభై మూడు ఎనిమిదులు ఏడువందల చిల్లర. మొత్తం పదివేల చిల్లర. ఆ చిల్లర ఎనిమిదే కదా! ఎందుకు ఎనిమిదే? ఎందుకంటే మా వాళ్లకు నూట ఎనిమిది, వెయ్యెనిమిది, పదివేల ఎనిమిది ఒకే ఇంటిపేరు ఉన్న అన్నదమ్ములు. పెద్దోడి ఇంట్లో చిన్నోడు ఇమడడా అని ఎవరన్నా అనుమానపడతారా? పిల్లల దగ్గర ప్రతి అడుగుకూ రుజువు అడిగే నేను, గుడి సంఖ్య కనబడగానే దండం పెట్టి ఊరుకున్నాను. వెయ్యెనిమిది కూడా నూట ఎనిమిదితో పోదు. వింతేమంటే లక్షా ఎనిమిది పోతుంది, సరిగ్గా తొమ్మిదివందల ఇరవై ఆరుసార్లు.

"మిస్, ఏమైంది?" అన్నారు పిల్లలు.

"ఏం లేదు, నేను ఇంటికి పోవాల" అన్నాను.

బస్సు సాత్తూరు దాటేదాకా అత్త దగ్గర ఏం చెప్పాలో తిప్పి తిప్పి అనుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి మండపంలోకి పోయేసరికి ఆడవాళ్లంతా కూర్చుని తమలపాకులు కట్టలు కడుతున్నారు. నేను చెప్పులు కూడా సరిగ్గా విడవలేదు.

"నిన్న ముప్పై ఆరు వడలు ఎవరూ తినలేదు" అన్నాను. "అవి అసలు పుట్టనే లేదు."

"పుట్టలేదా? అంటే?" అన్నది అత్త.

"ఫోన్ తీసి తొంభై మూడును నూట ఎనిమిదితో గుణించు అత్తా."

అత్త కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్క అంకె నొక్కింది. పదివేల నలభై నాలుగు. మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. పక్కామె ఫోన్ అడిగి దాంట్లో కూడా నొక్కింది. నాకు తెలిసి అత్త నోట మాట రాకపోవడం అదే మొదటిసారి. వంటాయనకు మాత్రం వచ్చింది. "పెద్దాయన పొద్దుననుంచీ ఒక్కటి నోట్లో వేసుకోలేదు, నేనే ఇస్తానంటే వద్దన్నాడు. నన్ను ఎవరడిగినారు?" అన్నాడు. నిజమే, ఆయన్ను ఎవరూ అడగలేదు. ఆయన వాటా ఎంత అని మాత్రం నేను అడిగినాను.

అత్త తేరుకుంది. "నువ్వే కదే సరిగ్గా వస్తుందంటివి?"

"అంటిని."

"కాలేజీలో చెప్పేది ఇదేనా?"

"అక్కడ చెప్పేది వేరే అత్తా."

మండపం మళ్లీ పకపకా నవ్వింది. ఈసారి నా మీద. "అయితే స్వామికి ముప్పై ఆరు ఎక్కువే పడతాయి" అని ఒకామె అంటే, "లక్షా ఎనిమిది అయితే సరిగ్గా వచ్చేది" అని నేను నోరు జారినాను. అత్త కళ్లు మెరిసినాయి. వంటాయన నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

అత్తకు క్షమాపణ అడిగే అలవాటు లేదు. మా ఇంటికి వచ్చి, తానే చక్కెర లేని కాఫీ కలిపి, నాయన మంచం పక్కన పెట్టింది. "అన్నా, లేచి మొహం కడుక్కో. నీ అట్ట కరెక్ట్. నీ కూతురి లెక్కే తప్పు" అన్నది.

"నా అట్ట ఎప్పుడూ కరెక్టే" అన్నాడు నాయన. లేచినాడు. కాఫీ తాగినాడు. గడ్డం గీసుకున్నాడు. కొత్త పంచె కట్టినాడు. అమ్మ ఏమీ అనకుండా షుగర్ మిషన్ తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఎదురింటాయన వాకిట్లోకి వచ్చి "పెదనాన్నా, తప్పుగా అనుకోవద్దు" అన్నాడు. నాయన చెయ్యి ఊపినాడు. నా గుండె తేలికపడింది. సమస్య తీర్చి, జవాబు కింద రెండు గీతలు గీసిన తృప్తి. ఆ గీతలు గీసింది నేనే కదా అని కొంచెం గర్వం కూడా.

పొద్దు వాలే వేళకు మేళం వీధిలోకి వచ్చింది. ఇంటింటి నుంచీ మాలలు బయలుదేరినాయి. మా మాల మొదలు నాయన పట్టుకున్నాడు, కొస నేను పట్టుకున్నాను. గడప దాటే ముందు ఆయన ఆగినాడు. వెనక్కు తిరగలేదు, మాల వైపు చూస్తూనే అడిగినాడు.

"పాపా, నీ లెక్క తప్పని తేలింది, కాబట్టి నేను తినలేదు. సరే. నీ లెక్క కరెక్టే అయ్యుంటే?"

నాకు అర్థం కాలేదు.

"నీ లెక్క కరెక్టే అయ్యుంటే, నేను తిన్నట్టేనా?"

లేదు నాయనా అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క మాట. కానీ ముందురోజు సాయంత్రం ఆయన నా మొహంలోకి చూసి నేను తినలేదు పాపా అన్నప్పుడు, ఆ మాట నాకు చాలి ఉండాల. చాలలేదు. నాకు ఒక బోర్డు, ఒక సుద్దముక్క, ఒక శేషం కావలసి వచ్చింది. ఇప్పుడు లేదు నాయనా అంటే అది ఆయనకూ తెలిసిన అబద్ధం అవుతుంది. సిగ్గుతో నా కళ్లలో నీళ్లు తిరిగినాయి. తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు.

నాయన అప్పుడు వెనక్కు తిరిగి నన్ను చూసినాడు.

"కొస కొంచెం పైకెత్తు" అన్నాడు. "నేలకు తగులుతా ఉండాది."